జేజినాయన పెట్టెలో రివాల్వర్

పాలెగాళ్ల సీమలో పాత పాకెట్ తుపాకులు: బాగుచేయించాలా, భద్రపరచాలా?

తిరుపతి నుంచి చంద్రగిరి కోటకు అరగంట ప్రయాణం. రాజమహల్లోని పురావస్తు శాఖ మ్యూజియానికి వచ్చేవాళ్లలో చాలామంది రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు చూస్తారు, కోట నమూనా దగ్గర పిల్లలకు ఫొటో తీస్తారు, బయటికొచ్చేస్తారు. కత్తులు, బాకుల దగ్గర నిలబడేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అక్కడే ప్రశ్న మొదలవుతుంది. ఈ సీమలో ఆయుధం కత్తితో ఆగిపోలేదు. తర్వాత వత్తి తుపాకులొచ్చాయి, చెకుముకి తుపాకులొచ్చాయి, చివరికి కోటు జేబులో పట్టేంత చిన్న రివాల్వర్లు కూడా వచ్చాయి. అవన్నీ ఏమయ్యాయి?

కొన్ని పోలీసు స్టేషన్ల మాల్‌ఖానాల్లో ఉన్నాయి. కొన్నింటిని డీలర్ల దగ్గర డిపాజిట్ చేశారు. ఇంకొన్ని పాత మిద్దె ఇళ్ల అటకల మీద, ట్రంకుపెట్టెల అడుగున పంచెల మధ్య చుట్టి ఉన్నాయి. పెద్దాయన పోయాక పెట్టె తెరిచిన మనవడి చేతికి అది తగులుతుంది. తుప్పు పట్టి ఉంటుంది, సిలిండర్ తిరగదు, పిడి మీద చెక్క చీలి ఉంటుంది. ‘జేజినాయనది కదా, బాగుచేయిస్తే పోలా? దీని సామాను యాడ దొరుకుతుంది?’ అన్న మాట అప్పుడే వస్తుంది.

ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇందులో చిత్తూరు, తిరుపతి జిల్లాల మూడు శతాబ్దాల చరిత్ర ఉంది, ఇనుము పనితనం ఉంది, జైలు దాకా తీసుకుపోగల చట్టమూ ఉంది.

తుపాకి నడిచిన దారి

పాకాల దగ్గర దామలచెరువు పేరు చెబితే ఇప్పుడు అందరికీ మామిడికాయల మండి గుర్తొస్తుంది. 1740 మే నెలలో ఆ కనుమ దగ్గరే ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠాల చేతిలో చనిపోయాడు. మరాఠా సేనను నడిపినవాడు రఘూజీ భోంస్లే. నలభై రెండేళ్ల తర్వాత, 1782 డిసెంబర్ 7న, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ కన్నుమూశాడు. ఫిరంగులు, రాకెట్లు, తుపాకులు పట్టుకుని ఇన్ని సైన్యాలు తిరిగిన నేల మీద తుపాకి ఎక్కడినుంచో ఊడిపడ్డ వింత వస్తువేమీ కాదు.

సైన్యాలు వచ్చిపోయేవి. ఊళ్లో ఉండిపోయింది పాలెగాళ్లు, వాళ్ల కట్టుబడి బంట్లు. బంగారి, నరగంటి, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల పాళేలు ఇవాళ్టి మండలాల పటంలో ఊళ్ల పేర్లుగానే మిగిలాయి. బంగారుపాళెం పేరులో పాళెం ఇంకా వినిపిస్తూనే ఉంది. అడవి అంచున కావలి కాయడం, దారిన పోయే వర్తకుల దగ్గర సుంకం తీసుకోవడం, పైవాడు అడిగినప్పుడు మనుషుల్ని పంపడం వాళ్ల పని. దానికి ప్రతిఫలంగా కట్టుబడికి పొలం దక్కేది. ఆ పొలానికి హక్కు పత్రం లాంటిదే అతని చేతిలోని ఆయుధం. తుపాకి తీసేసుకుంటే పనీ పోతుంది, పొలమూ పోతుంది.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. చిత్తూరు పాలెగాళ్లు కొత్త దొరలకు లొంగలేదు. 1804లో తిరగబడ్డారు, సైన్యం దిగింది, పాళేలు ఒక్కటొక్కటే పోయాయి. పడమటి వైపు మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు అప్పట్లో దత్తమండలాల్లో ఉండేవి. అక్కడ పాలెగాళ్ల బలాన్ని తీసేసినవాడు కలెక్టరు థామస్ మన్రో. తిరుమలలో మన్రో గంగాళం గురించి విన్నవాళ్లు ఆయన్ని భక్తుడైన దొరగా తలుచుకుంటారు. ఊరూరా ఆయుధం పట్టే హక్కును పాలెగాడి చేతినుంచి లాక్కుని సర్కారు చేతిలో పెట్టిందీ ఆయనే. ఈ రెండూ నిజాలే, రెండూ గుర్తుండాలి.

ఆ పనిని దేశమంతటికీ విస్తరించింది 1878 ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకి పట్టకూడదు, యూరోపియన్లకు మినహాయింపు. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెసు మహాసభ ఈ చట్టం మీద అసంతృప్తిని తీర్మానంగానే చెప్పింది. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. కలెక్టరూ, జడ్జీ, కోర్టులూ ఇక్కడే. చిత్తూరు పేరుతో వేరే జిల్లా 1911 ఏప్రిల్‌లోగానీ ఏర్పడలేదు. ఆ నాటి చిత్తూరులో తుపాకి ఎవరి దగ్గర ఉందో చూస్తే ఎవరికి ఎంత పలుకుబడి ఉందో తెలిసిపోయేది. పోలీసు సూపరింటెండెంటు దొర, పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందార్లు, తోటల యజమానులు, తోడుగా కొందరు వకీళ్లు. పాలెగాడి బంటుకు హక్కుగా ఉన్న వస్తువు డెబ్బై ఎనభై ఏళ్లలో పెద్దమనిషి హోదాకు గుర్తయింది. పాకెట్ రివాల్వర్ ఈ సీమలోకి వచ్చింది ఆ హోదా వెంటే.

గడియారాల షాపులో తుపాకి

అది మద్రాసు మీదుగా వచ్చింది. మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ పేరు పాతతరం వాళ్లకు గడియారాల షాపుగా గుర్తు. గోడ గడియారాలు, వెండి సామాను అమ్మిన ఆ షాపు వేట తుపాకులు, రివాల్వర్లు కూడా అమ్మేది. వాటి గొట్టాల మీద షాపు పేరు చెక్కించేది. అందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. రివాల్వర్ లోపలి పని గడియారం పనికి దగ్గరి చుట్టం. పళ్ల చక్రం, ఆ పంటిని నెట్టే చిన్న కొక్కెం, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు రెండింటిలోనూ ఉంటాయి.

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ తిరిగే సిలిండర్‌కు పేటెంట్ తెచ్చుకున్నది 1836లో. కోల్ట్ 1849 పాకెట్ రకం 1873 దాకా తయారైంది. మూడు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో తూటా లేదు. సిలిండర్ గదుల్లో మందు, సీసం గుండు ముందునుంచి దట్టించాలి, వెనక ఒక్కో గదికీ రాగి టోపీ తొడగాలి. 1857లో స్మిత్ అండ్ వెసన్ చిన్న తూటా పట్టే ఏడు గదుల రివాల్వర్ తెచ్చింది. ఫ్రాన్సులో లెఫాషో పిన్ను తూటాలు నడిచాయి. తూటా పక్కనుంచి మొలలాంటి పిన్ను పొడుచుకొచ్చి ఉంటుంది, హ్యామర్ దాని మీద పడుతుంది. 1872లో బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ సంస్థ ‘బ్రిటిష్ బుల్‌డాగ్’ని బయటికి తెచ్చింది. రెండున్నర అంగుళాల గొట్టం, ఐదు గదులు, పొట్టి పిడి. కోటు జేబు కోసమే పుట్టిన తుపాకి అది. జనం ఇష్టపడ్డారు గనక బెల్జియంలోని లియేజ్ పట్నం దానికి లెక్కలేనన్ని నకళ్లు తీసింది. పాత పాకెట్ రివాల్వర్ మీద గుడ్డు ఆకారపు గీతలో ‘ఈ ఎల్ జీ’ అన్న అక్షరాలు కనిపిస్తే అది లియేజ్ పరీక్ష ముద్ర. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి అలాంటి పరీక్షాలయమే ఉంది, దాని ముద్రల మీద కిరీటం ఉంటుంది.

తెలుగువాళ్లకు రివాల్వర్ మీద మోజు కలిగించింది మాత్రం సినిమా. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చాక ఊరూరా పిల్లలు చూపుడువేలుతో సిలిండర్ తిప్పే ఆట ఆడారు. ఆ సినిమాకు దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. తెర మీద రివాల్వర్ ఎప్పుడూ చెడిపోదు. అసలు వస్తువు సంగతి వేరు.

ఏం చెడిపోతుంది, ఎందుకు దొరకదు

ఐదు గదుల సిలిండర్ ఒక్కో దెబ్బకు 72 డిగ్రీలు తిరగాలి. ట్రిగ్గర్ వెనక్కి వస్తుంటే కొక్కెం పంటిని నెడుతుంది, సిలిండర్ తిరుగుతుంది, సరిగ్గా గది గొట్టానికి ఎదురుగా రాగానే కింద ఒక చిన్న ఇనుప గడియ గాడిలో పడి దాన్ని ఆపుతుంది. అదే క్షణానికి హ్యామర్ పడాలి. వెంట్రుకవాసి తేడా వస్తే గుండు గొట్టం అంచుకు కొట్టుకుంటుంది, సీసం పక్కలకు చిమ్ముతుంది, ఒక్కోసారి ఇనుమే పగులుతుంది. నూట యాభై ఏళ్ల తర్వాత ఆ పంటి అంచులు అరిగి ఉంటాయి, గాడి పెద్దదై ఉంటుంది, లోపలి స్ప్రింగు అలసిపోయి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు పోయేది స్ప్రింగే. లారీల కింద ఉండే కమాను కట్టలాగే ఇదీ వంచి, కాల్చి, చల్లార్చిన ఉక్కు పట్టీ. ఏళ్లకేళ్లు బిగించి ఉంచితే సాగుతుంది, తుప్పు గుంటపడిన చోట ఒకనాడు ఫట్‌మని విరుగుతుంది. తర్వాత పోయేవి మరలు. తప్పు కొలత స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినవాడు మర తలను పాడుచేసి వదిలేస్తాడు. టోపీ తుపాకుల్లో గదుల వెనక ఉండే చిన్న ముక్కులు మందు తుప్పుకు తినిపోతాయి. పిడి మీది గట్టి రబ్బరు పలకలు పెళుసై ముక్కలవుతాయి.

ఇక సామాను. ఇవాళ మోటారు సైకిల్‌కు సామాను కావాలంటే మోడల్ పేరు చెబితే చాలు. ఆ కాలపు పాకెట్ రివాల్వర్లకు ఆ మాట చెల్లదు. యంత్రాల మీద చేసిన ముక్కల్ని కూడా చివర్లో చేత్తో ఆకురాయి పెట్టి ఒకదానికొకటి కుదిర్చేవారు. కలగాపులగం కాకుండా ఒకే నంబరు ఫ్రేము మీద, సిలిండర్ మీద, ఇంకా లోపలి ముక్కల మీద కొట్టేవారు. లియేజ్‌లో సంగతి ఇంకా చిక్కు. అక్కడ చాలా పని ఇళ్లలో, చిన్న చిన్న కొట్లలో జరిగేది. ఒకరు గొట్టం, ఒకరు హ్యామర్, ఒకరు మరలు చేసేవారు. రెండు బుల్‌డాగ్ నకళ్లు పక్కపక్కన పెడితే బయటికి ఒకేలా ఉంటాయి, విప్పితే ఒకదాని ముక్క ఇంకోదానికి పట్టదు. మర పళ్ల కొలత కూడా ఆ కొట్టువాడు ఎంచుకున్నదే. అందుకే ఈ సామాను షాపులో దొరకదు. చెడిన ఇంకో తుపాకిని విప్పాలి, లేదా కొత్తగా చేయాలి.

అమెరికాలో ఇది పెద్ద ప్రపంచం. అక్కడ 1968 చట్టం ప్రకారం 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైన తుపాకిని పాతవస్తువుగా లెక్కిస్తారు. దాని విడిభాగాలు బాహాటంగా అమ్ముడవుతాయి, స్ప్రింగులు, ముక్కులు కొత్తగా చేసి ఇచ్చే చిన్న కంపెనీలున్నాయి. బ్రిటన్‌లో ఏ కాలిబరు తూటా ఇప్పుడు వాడుకలో లేదో ప్రభుత్వమే జాబితా పెడుతుంది. ఇంటర్నెట్‌లో వీడియో చూసి మన కుర్రాడు ‘సరే, ఆర్డరు పెడదాం’ అనుకోవడం సహజమే. సరిగ్గా అక్కడే ఆగాలి.

చట్టంలో ఒక్క వాక్యం

మన దేశంలో ఇప్పుడున్నది 1959 ఆయుధాల చట్టం. 1962 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని 45వ సెక్షన్‌లో పాత తుపాకుల గురించి ఒక మినహాయింపు ఉంది. పాత నమూనాది, పురావస్తు విలువ ఉన్నది లేదా చెడిపోయినది అయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకిగా వాడటానికి వీల్లేకపోతే, ఈ చట్టం దానికి వర్తించదు.

చాలామంది ఈ వాక్యంలో మొదటి సగమే వింటారు. ‘పాతది కదా, వందేళ్లది కదా, లైసెన్సు అక్కర్లేదు’ అనుకుంటారు. వయసొక్కటే చాలదు. చెడిపోయి ఉండటమూ చాలదు. మరమ్మతు చేసినా పనిచేయని స్థితిలో ఉండాలి. విరిగిన స్ప్రింగు మార్చితే పేలగలిగే బుల్‌డాగ్ చట్టం కంట్లో ఈ క్షణాన కూడా తుపాకే. ‘తూటా ఇప్పుడెక్కడా దొరకదు’ అన్నదీ ఇక్కడ సాకు కాదు. మందు, టోపీ పెట్టి పేల్చే కోల్ట్‌కైతే అసలు తూటాయే అక్కర్లేదు. ఏది పనికొస్తుంది, ఏది రాదు అని తేల్చేది ఫోరెన్సిక్ ల్యాబ్‌లోని బాలిస్టిక్ నిపుణుడు. ఇంటివాళ్లో, బజారులో పాతసామాను కొనేవాడో తేల్చేది కాదు.

రెండో సంగతి ఇంకా గట్టిది. ఈ చట్టంలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా. విదేశం నుంచి పోస్టులో తెప్పించే హ్యామర్, సిలిండర్ కస్టమ్స్ వాళ్ల లెక్కలో ఆయుధ దిగుమతే. ఐదో సెక్షన్ ప్రకారం తుపాకి తయారు చేయడానికి, అమ్మడానికి కావాల్సినట్టే బాగుచేయడానికి కూడా లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత శిక్షలు చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకి దగ్గర పెట్టుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. లైసెన్సు లేకుండా తుపాకి బాగుచేస్తే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా. అభిమానంతో ఊళ్లో వెల్డింగ్ షాపువాడికో, తాళాల మేస్త్రికో జేజినాయన రివాల్వర్ ఇచ్చి ‘కాస్త చూడబ్బా’ అనే మనవడు తనకన్నా ఎక్కువ ప్రమాదంలోకి ఆ మేస్త్రిని నెడుతున్నాడు. ఈ మాట ఈ రెండు జిల్లాల్లో ప్రతి వర్క్‌షాపు గోడ మీదా రాసి పెట్టాల్సినంత ముఖ్యమైనది.

బయటికి పంపించి బాగుచేయిద్దామన్నా దారి లేదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశానికి పంపకూడదు. సామాను లోపలికి రాదు, తుపాకి బయటికి పోదు. పిడి ఏనుగు దంతంతో చేసినదైతే వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. కౌండిన్య అడవుల్లో ఏనుగులున్న జిల్లాలో ఆ చట్టం సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇదంతా చదివి భయపడి రాత్రికి రాత్రి బావిలో పడేద్దామనుకునేవాళ్లుంటారు. అది నేరానికి నేరం, చరిత్రకు నష్టం. 21వ సెక్షన్ మంచి దారి చూపిస్తోంది. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నియమావళిలో లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తన దగ్గర 25 ఏళ్లున్నా, బతికుండగానే వారసుడికి అప్పగించేందుకు వీలుంది. 2019 నుంచి ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులుండకూడదు, అంతకుముందు మూడు. తాతల నాటివి కూడా ఆ రెండింటి లెక్కలోకే వస్తాయి. పాత జమీందారీ ఇళ్లకు ఈ నిబంధన గట్టిగానే తగిలింది.

పంట కావలి తుపాకి

రివాల్వర్‌కు, నాటు తుపాకికి చట్టం ఒకే చూపు చూడదు. 13వ సెక్షన్ ప్రకారం పంటను కాపాడుకోవడానికి నిజంగా అవసరమైన రైతుకు ముందునుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి. కుప్పం, రామకుప్పం, పలమనేరు వైపు చేలల్లో పందులు, ఏనుగులు పడే చోట ఈ నిబంధన వెనక ఉన్న కష్టం అర్థమవుతుంది. పూసలు అమ్ముకునే నక్కల, నరికురవ కుటుంబాల పెద్దలకు మందు తుపాకితో పిట్టల వేట ఒకనాటి బతుకుతెరువు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ పని పోయింది. కర్ణాటకలో కొడవులకు మాత్రం బ్రిటిష్ కాలం నుంచీ తుపాకి లైసెన్సు మినహాయింపు కొనసాగుతోంది.

నాటు తుపాకి చరిత్ర ఇంకా సజీవం, అది ఇప్పటి రైతు సమస్య కూడా. పాకెట్ రివాల్వర్ సంగతి వేరు. ఇప్పుడు దాని అవసరం ఎవరికీ లేదు. ఆత్మరక్షణకు లైసెన్సున్నవాళ్లకు కాన్పూరు ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే కొత్త .32 రివాల్వర్లు ఉన్నాయి. 2014లో వచ్చిన ‘నిర్భీక్’ అరకిలో బరువే. బుల్‌డాగ్ నకలు పేలగలగడం వల్ల ఎవరికీ రక్షణ రాదు. కాల్చినవాడి చేతికే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. ఈ సీమలో పాత పాకెట్ రివాల్వర్లను బాగుచేయించకూడదు. భద్రపరచాలి. ఈ రెండూ వేర్వేరు విద్యలు. బాగుచేసేవాడు అది మళ్లీ పనిచేయాలనుకుంటాడు, అందుకోసం పాత ముక్క తీసి కొత్త ముక్క పెడతాడు, తుప్పు గీకుతాడు, నునుపు చేస్తాడు. అతని చేతికింద పాత ముద్రలు, నంబర్లు, చెక్కిన పేర్లు చెరిగిపోతాయి. భద్రపరిచేవాడు ఉన్నదాన్ని ఉన్నట్టు ఆపుతాడు. విరిగిన స్ప్రింగు విరిగే ఉంటుంది. దాని పక్కన ఎప్పుడు విరిగిందో తెలిస్తే రాసిపెడతాడు. చరిత్రకు పనికొచ్చేది ఈ రెండో పనే, చట్టానికీ అదే దగ్గర.

మన వాతావరణం కూడా ఈ పనికి తొందర పెడుతోంది. తుపాను వానలు, ఈశాన్య రుతుపవనాల తేమ తిరుపతికి కొత్త కాదు. 2021 నవంబరులో ఊళ్లోకి వరద నీళ్లు రావడం ఇంకా అందరికీ గుర్తే. నికెల్ పూత ఉన్న పాకెట్ తుపాకుల్లో పూత కిందినుంచి తుప్పు పాకుతుంది, బయటికి మెరుస్తూనే లోపల తినేస్తుంది. తోలు ఒరలో పెట్టి దాచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. తోలు పదును పెట్టిన రసాయనాలు, అది పీల్చే తేమ కలిసి ఇనుమును, ఇత్తడిని కొరుకుతాయి. ఒర విడిగా, లోహం విడిగా ఉండాలి. ఉత్త చేత్తో పట్టుకుంటే చెమట ఉప్పు వల్ల వేలిముద్రల ఆకారంలోనే తుప్పు పడుతుంది, అందుకే మ్యూజియంలో చేతి తొడుగులు వేసుకుంటారు. సంరక్షణ నిపుణులు టానిక్ ఆమ్లంతో తుప్పును నిలకడ చేస్తారు, మైనం పూతతో గాలి తగలకుండా చూస్తారు. బూడిద, చింతపండు, ఎమరీ కాగితం పెట్టి తోమితే ఆ పూట మెరుస్తుంది, నూరేళ్ల ఆధారం పోతుంది.

ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది. పెట్టెలో దొరికిన రివాల్వర్ ఖాళీగా ఉందని ఎప్పుడూ అనుకోవద్దు. దట్టించి మూలన పెట్టిన తుపాకిమందు పొడిగా ఉంటే తరాలు గడిచినా అంటుకుంటుంది. హ్యామర్ లాగి చూడటం, పిల్లలకు ఇచ్చి ఫొటో తీయడం అస్సలు వద్దు. అక్కడే వదిలేసి స్టేషన్‌కి ఫోన్ చేయడం మేలు.

చంద్రగిరికి ఒక అల్మారా

డిపాజిట్ చేసిన తుపాకులు, వారసులు వద్దనుకున్న తుపాకులు, పనికిరావని తేలిన తుపాకులు చివరికి ఎక్కడికి చేరాలి? మాల్‌ఖానాలో గోతాంలో కలిసిపోయి, ఎప్పుడో ఒక ఉత్తర్వుతో ధ్వంసమైపోవడం నాకు బాధగా ఉంటుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో తంజావూరు ఆయుధాలున్నాయి. పాలెగాళ్ల నేల అయిన చిత్తూరు, తిరుపతి జిల్లాలు తమ కథను తమ ఊళ్లోనే చెప్పుకోవాలి. రాజమహల్లో కత్తులు, బాకుల పక్కన ఒక అల్మారా చాలు. వత్తి తుపాకి, చెకుముకి తుపాకి, టోపీ తుపాకి, జమీందారు జేబు రివాల్వర్, వాటి పక్కన 1878 చట్టం కింద ఇచ్చిన ఒక లైసెన్సు పుస్తకం ఉంటే చాలు. బంటు చేతినుంచి పెద్దమనిషి జేబులోకి ఆయుధం ఎలా వెళ్లిందో ఒక పదో తరగతి పిల్లవాడు ఐదు నిమిషాల్లో తెలుసుకుంటాడు. కలెక్టర్లు, పోలీసులు, పురావస్తు శాఖ కూర్చుని మాట్లాడుకుంటే ఇది కాని పనేమీ కాదు.

ఇవ్వడం ఒక్కటే చాలదు, వివరం రాసి ఇవ్వాలి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను చంపిన బుల్‌డాగ్ రివాల్వర్ అక్కడి పేరున్న స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. దాని ఫొటో ఉంది, రివాల్వర్ మాత్రం తప్పిపోయింది. అంత పెద్ద చోటే అలా జరిగితే మన మాల్‌ఖానా నుంచి మ్యూజియం దాకా ఒక తుపాకి దారి తప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అందుకని ఇంట్లో దొరికినప్పుడే, ముట్టుకోకుండా, కనిపించినంతవరకు రాసి పెట్టుకోండి. గొట్టం మీద షాపు పేరుందా, ఏ ఊరు, పరీక్ష ముద్ర కిరీటమా, గుడ్డు గీతా, నంబరు ఎంత. ఎవరు కొన్నారు, ఎప్పుడు, ఏ పని చేసేవారు, ఎప్పుడైనా వాడారా. ఇంట్లో అవ్వ బతికుంటే ఆమెనే అడగండి; మగవాళ్లు చెప్పని సంగతులు ఆమెకు తెలిసి ఉంటాయి. పెట్టె అడుగున పాత లైసెన్సు పుస్తకం దొరికితే దాన్ని తుపాకితోపాటు అప్పగించే ముందు ప్రతి పేజీకీ జిరాక్సు తీయించుకోండి. రెన్యువల్ ముద్రలు, కలెక్టరు కచేరీ సంతకాలు, ఏ ఏడు ఎన్ని తూటాలు కొన్నారన్న లెక్క అన్నీ అందులోనే ఉంటాయి.